కమ్లీ తీయని గాజులు

వరంగల్ ఆఫీసు తలుపు తోసుకొని వచ్చిన దేవ్యా కూర్చోలేదు.

"సార్, మా చెల్లె కమ్లీని దొంగ అంటున్నరు. రేపు కేసముద్రం మార్కెట్ల పంచాయితీ. జర మీరు రావాలె."

ప్రైవేట్ డిటెక్టివ్ భూపాల్ టీ గ్లాసు కింద పెట్టాడు. అసిస్టెంట్ ఓదెలు కుర్చీ జరిపాడు.

ఆ వానాకాలం కొత్తగూడ దగ్గర వాగు దాటుతూ కమ్లీ మొగుడు బీక్యా ఎక్కిన కూలీల ట్రాక్టరు కొట్టుకుపోయింది. బాధిత కుటుంబాల కోసం మనోరమ అనే రైతు కుటుంబపు ఆవిడ చందాలు పోగుచేసింది. ఇంటికి ఐదువందలు. పంచే పని ఆమె మరిది జగపతిది. అందరికీ అందాయి. కమ్లీ ఒక్కతే తనకు రాలేదంటోంది.

"రెండోసారి గుంజాలని చూస్తున్నదట! పిల్లలకు గింజలు బదులిచ్చేటోళ్ళు గూడ లేరు సార్."

మర్నాడు పొద్దున్నే మార్కెట్లో జగపతి తడుముకోకుండా చెప్పాడు. "నేనే తండకు పోయిన అన్నా. గాజులు పగలగొట్టిన్రు, బోసి చేతులు. సూడలేకపోయిన. గా చేతులల్లనే పైసలు పెట్టిన."

అక్కడి నుంచి జీపు తండాకు వెళ్ళింది. కమ్లీ గుమ్మంలో వాగు బాటకేసి చూస్తూ కూర్చుంది. మోచేతుల పైన తెల్ల గాజులు పాతబడి పచ్చబారాయి, కండలోకి దిగిపోయాయి. ఒకటి పగిలితే దారంతో కట్టుకుంది. మొగుడున్న ఆడదే తొడిగే గాజులవి.

"సార్! మొగుడు బతికే ఉన్నడు. మోసం!" ఓదెలు గుసగుసలాడాడు.

భూపాల్ వినిపించుకోలేదు. "బీక్యా ఏడమ్మా?"

"వాగు అందరినీ ఇచ్చింది బాపూ. ఆయనను ఇయ్యలే. మరి వస్తడు గద?"

మధ్యాహ్నం పంచాయితీలో అందరూ కూర్చున్నాక భూపాల్ కమ్లీని ముందుకు పిలిచాడు.

"జగపతీ, నువ్వు చూసిన బోసి చేతులు ఇవేనా?"

జగపతి చూపు ఆ గాజుల మీద పడింది. "మల్ల... మల్ల తొడుక్కున్నదేమో!"

"కండలో దిగిన గాజులు పగలగొట్టక రావు. పగిలిన దాన్నే దారంతో కట్టుకున్న మనిషి ఇది. బీక్యా శవం దొరకలేదు కాబట్టి ఈమె గాజులు తీయలేదు. మొగుడు పోతే గాజులు పగలగొట్టే తండా ఆచారం నీకు తెలుసు. తండాకు మాత్రం పోలేదు, అందుకే ఈ గాజులు చూడలేదు. శవం దొరకని ఇల్లు, పైసలు అడగదనుకున్నవ్."

"సిగ్గులేదుర నీకు?" మనోరమ లేచి నిలబడింది. జగపతి తలవంచుకొని నడుముకు కట్టిన సంచి విప్పాడు.

ఓదెలు గురువు వంక ఆరాధనగా చూశాడు. కానీ మనోరమ డబ్బు అందిస్తే కమ్లీ చేతులు వెనక్కి తీసుకుంది.

"గిది తీసుకుంటే ఆయన పోయినట్టే గద అక్కా? దొంగను గాదని తెలిసింది, నాకు గంతే సాలు."

భూపాల్ దగ్గరికొచ్చాడు. "కాదమ్మా. ఆయన వచ్చేదాకా ఇల్లు గడవడానికి."

కమ్లీ అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత చేయి చాపింది.

సాయంత్రం ఆమెను తండాలో దింపి తిరిగొస్తుంటే వాగు తగిలింది. ఇప్పుడు మోకాలి లోతు కూడా లేదు.

"వస్తడంటరా సార్?" ఓదెలు అడిగాడు.

భూపాల్ జీపు ఆపించాడు. దిగి, చీకటి పడేదాకా రెండు ఒడ్లూ చూస్తూ నిలబడ్డాడు.