హేమావతి గొంతు ఫైలు

దెయ్యాల కతలు చెప్పేదాంట్లో బాగేపల్లినుంచి చింతామణిదాకా నన్ను మించినోడుంటే పిలుచుకోని రండి, మీసం తీసి వాని చేతిలో పెడతా. కొరివిదెయ్యాలే నన్ను చూసి దారి తప్పుకోని పోయిండాయి. నవ్వద్దండప్పా. ఈ ఒక్క కత చెప్పేటప్పుడు మాత్రం నేను తలుపుకు ఈపు పెట్టి కూర్చోను.

పురుషోత్తం ఇల్లు బాగేపల్లిలో గూళూరు రోడ్డు పక్క. చింతామణిలో ఒక చిన్న కంపెనీకి ఇంట్లోనుంచే కంప్యూటర్లో జావా ప్రోగ్రాములు రాసే పని చేస్తాడు. పెండ్లాం హేమావతి జొరమని ఆసుపత్రికి పోయి మళ్ళా రాలేదు. ఆ గలాటాలో ఆమె ఫోను కూడా యాడో పోయె. ఆమె గొంతు మిగిలింది ఒక్క చోటే. కంపెనీ పేజీలోకి ఫైలు ఎక్కుతాదా లేదా చూద్దామని ఒకసారి పురుషోత్తం ఆమె మాట రికార్డు చేసి ఎక్కించిండె. ఇప్పుడు ఆ ఫైలుండే కంపెనీ పాత సర్వరును పొద్దుగూకేలోగా ఆపేస్తారంట. దించుకోకపోతే ఆ గొంతూ బూడిదే.

ఆ దినం పెద్దల అమాస. అత్త చౌడమ్మ నడింట్లో కూతురి పటం ముందర అరిటాకు పరిచి, సంగటి, ఉలవలసారు, వడలు, చెంబుతో నీళ్ళు పెట్టి, తలుపు మూసి బయటికొచ్చె. మాపక్క పద్ధతి అది. పోయినోళ్ళు వచ్చి తినేటప్పుడు ఎవరూ చూడకూడదు. తినింటారులే అనుకున్నాక మూడుసార్లు తలుపు కొట్టి లోపలికి పోవల్ల. ఆ సప్పుడు వింటే వాళ్ళు లేచి పోతారు. కొట్టకపోతే లేవరు, ఇంకా పోయినోళ్ళంతా వచ్చి చేరుకుంటారు.

పురుషోత్తం వసారాలో ల్యాప్‌టాప్ ముందేసుకోని కూర్చున్నాడు. మబ్బు కమ్మి పొద్దుండంగానే చీకటైపోయిండె. తడిమట్టి వాసన. తలుపు సందులోనుంచి సాంబ్రాణి పొగ. ఫైలు దించే కోడు తానే రాసి నడిపించె. ఫైలు దిగె. నొక్కితే గొర్ర్ర్ మని రాగుల మిల్లు సప్పుడు. మళ్ళా దించె. మళ్ళా గొర్ర్ర్.

చింతామణి ఆఫీసులో ఉండే నాగరాజ్‌కు ఫోను చేసె.

"సైజు చూడు గురూ. సర్వర్లో ఉండేదీ, దిగిందీ ఒకటేనా?"

"దిగిందే పెద్దగుండాది. యాడనుంచి వచ్చె ఇంత?"

"థూ నీ! అక్షరాలు పంపే రైటర్‌తో పంపిస్తాండావు కదప్పా. అది గొంతు, అర్జీ కాదు. దానికి తెలీనిది కనపడిన చోటంతా తీసేసి ప్రశ్నగుర్తు పెడతాది. స్ట్రీమ్ పెట్టి ఉన్నదున్నట్ల పంపు. బిరీన కానీ, ఆపేస్తాండారు."

అంతే. పాట పాడమంటే పాట గురించి అర్జీ రాసిచ్చినట్ల. ఊరందరి తప్పులు దిద్దే పురుషోత్తానికి ఆ దినం కండ్లలో నీళ్ళు నిలిచి ఇది కనపడలా. గబగబా మార్చె. దించె. సైజులు రెండూ ఒకటే ఉండాయి.

అప్పుడు... లోపల చెంబు కదిలె.

చౌడమ్మ అల్లుడి మోచెయ్యి పట్టుకొనె. "వచ్చిండాది. నోరెత్తద్దు నాయనా."

గాజులు. ఆకు అంచుకు తగిలి మెల్లగా... ఘల్లు. సంగటి తుంచిన సప్పుడు.

"తింటాండాదప్పా నా బిడ్డ," చౌడమ్మ గుసగుసగా ఏడ్చె. "ఆసుపత్రిలో ఒక్క ముద్ద మింగలేదు..."

సర్వరు ఆపేలోగా ఫైలు సరిగ్గా దిగిందో లేదో చూడల్ల. మళ్ళా పాడైంటే? ఆయప్ప చెయ్యి ఆగలా. నొక్కె.

టక్. టక్. టక్.

"ఏం సామీ, ఆ డబ్బాతోనే సంసారం చేస్తావా? తలుపు తీ. సంగటి చల్లారిపోతాండాది."

హేమావతే. పక్కన నిలబడి ఎగతాళి చేసినట్లే. రికార్డు చేసిన దినం పురుషోత్తం రూములో తలుపేసుకోని పని చేస్తాంటే, ఆమె బయటనుంచి కొట్టి పిలిచిండె. అదే రికార్డైండాది. అది మరిచేపోయిండె ఈయప్ప.

లోపల గాజులు ఆగిపోయె.

"యాల కొట్నావు?" చౌడమ్మ అల్లుడి మోచెయ్యి వదిలేసె. "ఇంకా తినేదుండె కదప్పా!"

"నేను కాదత్తా... ఆమే... ఆమే కొట్టింది..."

తలుపు తీసిరి. ఎవరూ లేరు. సంగటి ఒక పక్క తుంచిండాది. తుంచిన ముద్ద ఆకు బయట పడిండాది, వేళ్ళ గుర్తులతో. నోటిదాకా పోలేదు.

చౌడమ్మ దాన్ని ముట్టుకోలేకపోయె. ఇద్దరూ వసారాలోకొచ్చి కూలబడిరి. ఫోను మోగె. "ఆపేసిరి గురూ, దించుకున్నావా?" అన్నాడు నాగరాజ్. పురుషోత్తం ఫోను కింద పెట్టేసె. ల్యాప్‌టాప్‌లో ఫైలు ఇంకా పాడతానే ఉండాది. ఆమె మాట ఎప్పుడో అయిపోయింది. కానీ ఆగలా. ఉత్త గాలి... గాలి... ఆ గాలిలోనుంచి, చిన్నబిడ్డ అడిగినట్ల,

"అమ్మా... అప్పుడే లేయల్లనా?"

చౌడమ్మ ల్యాప్‌టాప్‌ను రెండు చేతులా పట్టుకొనె. బిడ్డ మొగం పట్టుకున్నట్ల.

"లేదు తల్లీ. కూర్చో. కడుపునిండా తిను. ఎవర్నీ కొట్టనీను."

వాళ్ళు తెరిచి పెట్టొచ్చిన తలుపు మెల్లగా... దానంతటదే మూసుకొనె.

లోపల మళ్ళా గాజుల సప్పుడు.

ఈసారి ఒక్కరివి కాదు.