తువ్వాలు కింద బేరం

బడే సాబ్ పెదవి కదపలేదు. అయినా ఆయన మెదడు ఈరన్న పేరు ముఠాకు చెప్పేసింది.

కంపౌండర్ వేషంలో ఉన్న ఏజెంట్ మస్తాన్ వలి గ్రాఫ్ కాగితాన్ని మళ్లీ చూశాడు. ముసలాయన తలకు తీగలు తగిలించి, హెడ్‌ఫోన్‌లో పేర్లు వరసగా వినిపిస్తారు. తెలియని పేరుకు గీత చదునుగా సాగుతుంది. ఎరిగిన పేరు తగిలితే చివ్వున లేస్తుంది. ఈ కాగితంలో ఒక్క ఈరన్న దగ్గరే లేచింది. ఈరన్న శవం నిన్న ఎమ్మిగనూరు రోడ్డు పక్కన దొరికింది.

1987. ఆదోనిలో మూతపడ్డ జిన్నింగ్ మిల్లు. ‘మతిమరుపుకు ఉచిత వైద్యం’ అని బోర్డు, వెనక విదేశీ ముఠా. ఆ ముఠాలోకి ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్ వలి కాక మరో ముగ్గురు వేగులను పంపింది. వాళ్లను కుదిర్చింది పత్తి దలాలీ ముసుగులో పనిచేసిన బడే సాబ్. పేర్లు ఆయనకూ, చీఫ్ జయన్నకూ తప్ప ఎవరికీ తెలియవు. ముందు జొన్నగిరిలో యేసేపు పోయాడు, ఇప్పుడు ఈరన్న. మూడోవాడెవరో వలికీ తెలియదు.

బడే సాబ్ వలికి తండ్రి. ఆ సంగతి ఇప్పుడు, మతిమరుపు ముదిరిన బడే సాబ్‌కే తెలియదు.

“స్టార్ట్,” అంది డాక్టర్ నీలోఫర్. ఎర్రటి లిప్‌స్టిక్, నవ్వే కళ్లు. డిపార్ట్‌మెంట్ ఆమెను తన ఏజెంటే అనుకుంటోంది. గ్రాఫ్ కాదంటోంది.

వలి బొత్తాంలోని ట్రాన్స్‌మిటర్ నొక్కాడు. స్క్వాడ్ వచ్చేలోగా పేరు తేలితే మూడోవాడూ శవమే.

ఆదోని పత్తి యార్డులో ధర నోటితో చెప్పరు. తువ్వాలు కింద వేళ్లు నొక్కి చెబుతారు. వలి తండ్రి భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు.

“ఆ గుడ్డెందుకు?”

“సలికి వణకతాండాడు మేడం.”

పేరు వినిపించినప్పుడల్లా మెషిన్ మీద ఎర్ర దీపం వెలుగుతుంది. వెలిగింది. వలి రెండు వేళ్లు నొక్కాడు. పాత బేరం తగిలి ముసలి కళ్లు మెరిశాయి. గీత లేచింది. మళ్లీ దీపం, నాలుగు వేళ్లు. మళ్లీ లేచింది.

“తక్కువాయ బేటా, గిట్టదు,” అని గొణిగాడు బడే సాబ్.

బేటా! వలి తండ్రి ముఖంలోకి చూశాడు. మరుక్షణమే గుర్తొచ్చింది, పత్తి కొనేవాళ్లందరినీ ఆయన అలాగే పిలిచేవాడు.

కాగితం నిండా కొండలే. నీలోఫర్ దాన్ని చించి పారేసింది. “ప్రతి పేరుకీ ఎగురుతోంది! ఇంకోసారి...”

మిల్లు గేటు విరిగింది. స్క్వాడ్ లోపలికి దూకింది.

సంకెళ్లు పడ్డాక ఆమె నవ్వింది. “ముసలాయన్ని మా దగ్గరికి పంపిందెవరో తెలుసా? బయట జీపులో ఉన్నాడు, పోయి అడుగు.”

జీపులో ఉన్నది స్క్వాడ్‌ను వెంటబెట్టుకొచ్చిన చీఫ్ జయన్న. పారిపోలేదు. తల వంచుకుని కూర్చున్నాడు.

“ఎందుకన్నా?” అన్నాడు వలి.

“మా యమ్మ మమ్మల్ని మరిసిపోయి సచ్చిపాయ. మా యన్నా అంతే. నాకూ మొదలాయ వలీ. వీళ్లు నెత్తురు తీసి సూసినారు. ‘మీ వంశంలోనే ఉండాది, మందిస్తాం’ అన్నారు. యేసేపు పేరు నేనే సెప్పినాను. తక్కిన రెండూ ఎంత తన్నుకున్నా యాదికి రాలే. అందుకే మీ నాయన్ను ఈడికి పంపినాను. మందూ లేదు, మన్నూ లేదంట. మూడోవాణ్ని ఎనక్కి పిలుద్దామంటావా? పిలువప్పా. వాని పేరేందో నువ్వే సెప్పు.”