వంగిన గడియారం కింద

మిర్చి ఘాటుకు తుమ్ముతూనే బాస్ నర్సింగరావు బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. మహబూబాబాద్‌లో అది పైకి మిరపకాయల గోదాం. లోపల సీక్రెట్ సర్వీస్ ఆఫీసు.

"మలేసియాల జార్జిటౌన్. ఎల్లుండి పన్నెండింటికి అక్కడ విముక్తి దినం సభ. ఒక విదేశీ ముఠా బాంబు పెడుతున్నది. యాడనో మన ఏజెంట్ కస్తూరికి ఎరుక. జనగామ షావుకారు బిడ్డ. మనమెవ్వరం మొఖం చూడలే. కోడ్‌తోనే గుర్తుపట్టాలె."

"పోయొస్త సార్," అంది ఏజెంట్ సులోచన.

జార్జిటౌన్‌లో తెల్లవాళ్లు కట్టిన కోట, దాని దగ్గరే గడియార స్తంభం. యుద్ధంలో పడిన బాంబులకు స్తంభం కాస్త ఒరిగింది. జపాన్ సైన్యం వచ్చింది, పోయింది. అది మాత్రం పడలేదు.

ఎదురుగా ఉన్న తమిళుల హోటల్లో టూరిస్టు వేషంలో కూర్చుంది సులోచన. బయట బడిపిల్లలు జెండాలతో బారులు తీరుతున్నారు. పచ్చపట్టు చీరలో మెరిసిపోతూ ఒకామె వచ్చి ఎదుట కూర్చుంది.

"వంగిన గడియారం టైము సరిగ్గ చూపుతదా?" అడిగింది సులోచన.

"జపానోళ్లు పోయినకాన్నుంచి చూపుతనే ఉన్నది అక్కా."

కోడ్ సరిపోయింది. యాస కూడా అచ్చం జనగామదే.

"బాంబు కోటల ఉన్నది," అందామె గొంతు తగ్గించి. "జనాన్ని గడియారం కిందికి తోలమను. జల్ది."

సులోచన చేతి గాజులో మైక్ ఉంది. బయట జనంలో ఉన్న తోటి ఏజెంట్ రాకేష్‌కు అందులోంచే మాట చేరుతుంది. పెదవులు కనబడకుండా మజ్జిగ గ్లాసు ఎత్తింది. ఒక గుటక వేసి ముఖం చిట్లించింది. ఉప్పు లేదు.

పట్టుచీరామె చటుక్కున ఉప్పు సీసా మూత తీసి సులోచన చేతిలో పెట్టింది.

సులోచన చేతిలోని సీసా వైపు చూసింది. జనగామ ఇంట్లో పుట్టిన ఆడబిడ్డ ఉప్పు ఇట్లా ఇస్తుందా? ఈమె కస్తూరి కాదు. అయితే కోట మాట అబద్ధం. పిల్లల్ని ఎక్కడికి తోలమంది?

"రాకేష్, కోట కాదు. గడియారం. జనాన్ని దూరం కొట్టు."

అవతలామె హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టల్ తీసింది. సీసాలోని ఉప్పంతా ఆమె కళ్లలో పడింది. పిస్టల్ నేల మీద పడింది.

సులోచన ఆమె చెయ్యి మెలిపెట్టి పట్టుకుంది. బయట పిల్లలు వెనక్కి పరుగెత్తుతున్నారు. ఇయర్‌పీస్‌లో రాకేష్ రొప్పుతున్నాడు.

"మెట్ల కింద దొరికింది అక్కా. టైమర్ నడుస్తున్నది."

ఇయర్‌పీస్‌లో గరగర.

"రాకేష్. మాట్లాడు రా."

"ఆపిన అక్కా. ఒక్క సెకను ఉండంగ."

పైన గడియారం పన్నెండు కొట్టింది.

అసలు కస్తూరి అదే హోటల్ పైగదిలో కట్లతో దొరికింది. ప్రాణాలకేం ప్రమాదం లేదు.

బేడీలు పడ్డాక నకిలీ కస్తూరి ఎర్రబడ్డ కళ్లతో అడిగింది. "కోడ్ చెప్పిన. యాస నేర్చిన. యాడ తప్పిన?"

సులోచన ఖాళీ సీసాను బల్ల మీద పెట్టి ఆమె ముందుకు జరిపింది.

"మా దిక్కు ఉప్పు చేతికియ్యం. ఇస్తే కొట్లాటయితదంటరు."

బేడీల వైపు ఒకసారి చూసింది.

"అయింది గద."