తొమ్మిదో అధ్యాయంలో తిట్లు

"ఆమె కళ్లలో మేఘాలు దాక్కున్నాయి," అని చదివాడతను.

"ఆపండి!" అద్దానికి ఇవతల నుంచి అంది ఆమె. "మేఘాలు కళ్లలో దాక్కుంటే వాన ఎక్కడ కురుస్తుందట? ముక్కులోనా?"

మైకు ముందు కూర్చున్న అతను కంగారుగా తలెత్తాడు. ఆడియో పుస్తకాలు తయారుచేసే ఆ స్టూడియోలో అతనికది మొదటి రోజు.

"తప్పు చదివానా అండీ?"

"మీరు సరిగ్గానే చదివారు. రాసినాయనదే తప్పు. కానివ్వండి."

ఆమె అక్కడ సౌండ్ ఎడిటర్. చదివేవాళ్ల దగ్గులు, గుటకలు, తడబాట్లు కోసి పారేయడం ఆమె పని. అందుకే అందరూ ఆమెని కత్తెర అంటారు. ఆ పేరు నాలుక వల్ల వచ్చిందని కూడా అంటారు, ఆమె గదిలో లేనప్పుడు. పొద్దస్తమానం కొత్త నవలలు చెవుల్లో పోసుకుని పోసుకుని, వాటిమీద ఆమె పగ పట్టేసింది.

అతని గొంతు విని స్టూడియో యజమాని రేడియో అని ముద్దుపేరు పెట్టారు. రేడియోకి నవలలంటే ప్రాణం. ఇక పోట్లాటలకి కొదవేముంది?

"పోయిన వారం నవల విన్నారుగా," అనేది కత్తెర, టీ కప్పు ఊదుకుంటూ. "హీరో ఉద్యోగం మానేసి కొండెక్కాడు, తనని తాను వెతుక్కోడానికి. చివరిదాకా దొరకలేదు. దొరికుంటే నేనే రెండు తగిలించేదాన్ని."

"దాని ముందుది బాగుంది కదండీ, పాత పుస్తకాల షాపు కథ?"

"ఆ పిల్ల సగం నవల పుస్తకాల వాసన చూస్తూనే గడిపింది. ఒక్కసారి జలుబు చేసుంటే కథే లేదు!"

అతను నవ్వాపుకుని వకాల్తా పుచ్చుకునేవాడు. "ప్రేమొచ్చినప్పుడు మనిషికి సొంత మాటలు దొరకవండీ. అందుకే మేఘాలూ సముద్రాలూ అరువు తెచ్చుకుంటాడు."

"అరువు తెచ్చుకుంటే తిరిగిచ్చెయ్యాలిగా? అందరూ ఆ ఒక్క మేఘాన్నే పట్టుకు పీకుతున్నారు, పాపం."

పైకి ఇలా ఉన్నా, ఆమెకి ఒక కొత్త జబ్బు పట్టుకుంది. రికార్డింగులో అతని ఊపిరి వినపడ్డ చోట చెయ్యి ఆగిపోయేది. పోనీలే, సహజంగా ఉంది, అనుకునేది. అంతకుముందు ఎవరి ఊపిరినీ ఆమె పోనీలే అనుకోలేదు.

ఆ రోజుల్లోనే ఒక పేరున్న రచయిత్రి కొత్త నవల వచ్చింది. ఇంకా అచ్చుకి వెళ్లలేదు. తొమ్మిదో అధ్యాయంలో హీరోయిన్ తల్లి చనిపోతుంది. అతను గొంతు వణికించి మరీ చదివాడు. పూర్తవగానే కత్తెర మొదలుపెట్టింది.

"ఈ పిల్ల ఆరో అధ్యాయం నుంచి ఏమీ తినలేదు, గమనించారా? మంచినీళ్లు కూడా తాగలేదు. దుఃఖం వల్ల కాదు, రచయిత్రిగారు పెట్టడం మర్చిపోయారు!"

అతను పడీపడీ నవ్వాడు. మైకు ఊగిపోయింది. ఆమె ఇంకా రెచ్చిపోయి కాసేపు దులిపేసింది. రికార్డింగ్ ఆపలేదని ఇద్దరికీ గుర్తులేదు. సాయంత్రం హడావుడిలో ఆమె కోసిన ఫైలుకి బదులు కోయని ఫైలే రచయిత్రికి పంపేసింది.

మర్నాడు ఆమె వచ్చేసరికి స్టూడియో అట్టుడికిపోతోంది. రేడియో యజమాని గదిలోంచి తలొంచుకుని బయటికొస్తున్నాడు.

"ఏమైంది?"

"నిన్నటి మన మాటలున్న ఫైలే రచయిత్రిగారికి వెళ్లిందట. నేనే తొందరపడి పంపేశానని చెప్పాను. రేపట్నుంచి రావద్దన్నారు."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. "మీరెవరండీ నా తప్పు నెత్తినేసుకోడానికి? నవలల్లో హీరోలంతా చేసే పని ఇదేగా! ఒక్కడినైనా మెచ్చుకున్నానా నేను?"

"లేదు," అన్నాడు నీరసంగా. "అయినా మీ ఉద్యోగం పోతుంటే చూస్తూ నిలబడ్డం నావల్ల కాలేదు."

ఆమె అతని చొక్కా చెయ్యి పట్టుకుని గదిలోకి లాక్కెళ్లింది.

లోపల యజమాని ఎదురుగా చిన్నగా, నెరిసిన జుట్టుతో ఒకావిడ కూర్చుని ఉంది. రచయిత్రే.

"నన్నన్ని మాటలన్న గొంతు ఎవరిదో చూద్దామని వచ్చాను," అందావిడ.

"నాదేనండీ. పంపిందీ నేనే. ఈయన నవ్వారంతే. పొరపాటున పంపినందుకు క్షమించండి. అన్నందుకు మాత్రం..." ఆగింది. యజమాని కళ్లతోనే దండం పెడుతున్నారు. "అది మాత్రం నిజమే అనుకుంటున్నానండీ."

"అయితే మొహం మీదే చెప్పు. వింటాను."

కత్తెర గొంతు తగ్గింది. "మా అమ్మ పోయినప్పుడు నేనూ ఏడ్చానండీ. ఏడుస్తుంటేనే ఆకలేసింది. అమ్మ పోతే ఆకలేమిటని సిగ్గేసింది. అయినా తిన్నాను. మీ పిల్లకి ఆకలీ లేదు, ఆ సిగ్గూ లేదు. అందుకే దాని కోసం నాకు కన్నీళ్లు రాలేదు."

రచయిత్రి ఒళ్లోని గొడుగు తీసి పక్కన పెట్టింది.

"మా ఆయన నా పుస్తకాలు అట్ట చూసి మూసేస్తారు," అందావిడ. "చదివామని చెప్పేవాళ్లు పొగిడి పోతారు. నువ్వు తిట్టడానికైనా మనసు పెట్టి విన్నావు. ఆ అధ్యాయం మళ్లీ రాస్తాను. ఈ అబ్బాయే చదవాలి, నువ్వే కొయ్యాలి." గొడుగు తీసుకుని లేచింది. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగింది. "చెప్పకూడదు గానీ, ఆ ఫైలు మొత్తంలో ప్రేమలా వినపడింది మీ ఇద్దరి గోలే!"

యజమాని దగ్గొచ్చినట్టు నటించి అటు తిరిగారు. వీళ్లిద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోకుండా మెట్లు దిగారు. కింద వాన మొదలైంది. సరిగ్గా ఇప్పుడే కురవాలా అన్నట్టు ఆమె ఆకాశం వంక చిరాగ్గా చూసింది.

"మీరంటే నాకిష్టం," అన్నాడతను.

తర్వాతి మాట కోసం ఆమె ఎదురుచూసింది. రాలేదు.

"అంతేనా?"

"అంతే. ఇంకేమైనా కలపమంటారా?"

"వద్దు, వద్దు. బాగుంది."

ఆ స్టూడియోలో చేరాక ఒక వాక్యాన్ని ఆమె బాగుందనడం అదే మొదటిసారి. అనేశాక తనకే ఏదోలా అయి, తడుస్తున్న చెప్పుల వంక చూసుకుంది.

"నాకూ మీరంటే ఇష్టమే. ఆదివారం మా ఇంటికి రండి. లిఫ్టులు బాగుచేసే పని మా నాన్నది, ఆ రోజు ఇంట్లోనే ఉంటారు. వచ్చి మాట్లాడండి."

అతని మొహం వెలిగి, అంతలోనే అనుమానంతో ముడుచుకుంది. "ఆయన... మీలాగే తిడతారా?"

"నాకు నేర్పిందెవరనుకున్నారు?" అంది కత్తెర.