తెఖూసా గుమ్మానికి కర్ర

"ముసలాయన తలలో వెంట్రుక రాలినా నువ్వు మళ్ళీ అర్ఖాంగెల్స్క్ మొహం చూడకు," అన్నాడు కర్నల్ నికానోర్.

అవెర్కీ లొదిగిన్ గ్లాసులో టీ ఎంత మిగిలిందో చూశాడు. కర్నల్ టీ గ్లాసు ఖాళీ అయ్యేదాకా నోరు విప్పకూడదన్నది ఇరవై ఏళ్ళ గూఢచారి ఉద్యోగంలో అతను నేర్చుకున్న మొదటి పాఠం.

"ఎలిజార్ పావ్లొవిచ్. అరవై ఎనిమిదేళ్ళు. మన సబ్‌మెరైన్లు చప్పుడు లేకుండా తిరుగుతున్నాయంటే ఆయన బుర్ర చలవే. విదేశీ 'హంస' ముఠాకి ఆయన కావాలి. కాగితాలు కాదు, మనిషే."

"మరి టూర్‌కి ఎందుకు పంపుతున్నారు?"

"మేం పంపడమేంటి, ఆయనే బయల్దేరాడు! భార్య పోయి నలభై రోజులైంది. మెజెన్ నది ఒడ్డునున్న పాత చెక్క చర్చిలన్నీ చూడాలని ఆవిడ కోరికట. ఆవిడ బదులు తను చూసొస్తానని ఒకటే పట్టు. పోనీలే, మనకీ మంచిదే. ముఠా వల వేస్తుంది. మనం వలతో సహా లాగుదాం."

"అంటే ఆయన్ని ఎర వేస్తున్నాం."

"నచ్చకపోతే చెప్పు, ఇంకొకణ్ణి పంపుతా."

అవెర్కీకి నచ్చలేదు. కానీ ఇంకొకడి చేతుల్లో ఆ ముసలాయన్ని పెట్టడం అంతకన్నా నచ్చలేదు. లేచి సెల్యూట్ చేశాడు.

"ముఠాలో మన డబుల్ ఏజెంట్ ఉంది," అన్నాడు కర్నల్. "సెరఫీమా. పక్క నది పినేగా ఒడ్డున పుట్టింది. టూరిస్టు గైడ్ వేషం. మెట్లెన్ని అని అడుగు. మిగతాది అదే చెబుతుంది."

మూడు రోజుల తర్వాత, మధ్యాహ్నం ఒంటిగంటకి, ముప్ఫైమంది టూరిస్టులతో స్టీమర్ కుర్యా ఊరి రేవులో ఆగింది. అవెర్కీ ఫొటోగ్రాఫర్ వేషంలో ఉన్నాడు. మెడలో కెమెరా. దాని ఫ్లాష్ మామూలు దానికి పదిరెట్లు. చేతిలో లైట్ మీటర్. అది నిజానికి రిసీవర్. ఎలిజార్ కోటు గుండీలో దాచిన ట్రాన్స్‌మిటర్ ఎటుంటే ముల్లు అటు తిరుగుతుంది.

ఎర్ర కండువా కట్టుకున్న గైడ్ గట్టు మీద నిలబడింది. సినిమా తారలా ఉంది. ఊళ్ళో మగాళ్ళంతా వలలు బాగుచేయడం మానేసి అటే చూస్తున్నారు.

"గంటల గోపురానికి మెట్లెన్నండీ?" అడిగాడు అవెర్కీ.

"ఎక్కేవాడికి నూరు, చూసేవాడికి సున్నా," అంది నవ్వుతూ. తర్వాత గొంతు తగ్గించింది. "హోల్గర్ మీద కన్నెయ్యి. ఆ విదేశీ ప్రొఫెసర్."

హోల్గర్ పక్కనే ఎలిజార్ నడుస్తున్నాడు. చేతిలో చిన్న నోటుబుక్కు. చూసిన ప్రతి చర్చి గురించీ చనిపోయిన భార్యకి ఉత్తరం రాసినట్టు రాసుకుంటున్నాడు. "మా కపితోలీనాకి చెక్క పని అంటే పిచ్చి, బాబూ," అన్నాడు అవెర్కీతో. "మేకు కొట్టకుండా ఇంత ఎత్తు ఎలా లేపారో చూడు!" ఆ మొహానికి కెమెరా ఎత్తిన అవెర్కీ మళ్ళీ దించేశాడు. ఈ మనిషినా తాము ఎరగా వేసింది?

చర్చి లోపల చీకటి. సెరఫీమా కొవ్వొత్తి పట్టుకుని పటాలు ఒక్కొక్కటే చూపిస్తూ కథ చెబుతోంది. అందరూ నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. ఆ కథలో అవెర్కీ కూడా ఒక్క నిమిషం మునిగాడు. తలతిప్పి చూస్తే ఎలిజార్ లేడు. హోల్గరూ లేడు.

రిసీవర్ ముల్లు నది వైపు, దిగువకి చూపిస్తోంది.

"పడవలో తీసుకుపోయారు!" సెరఫీమా పరుగెత్తుకొచ్చింది. "నది మొగ దగ్గర వాళ్ళ కలప ఓడ ఉంది. వెళ్ళు, నేను టూరిస్టుల్ని చూసుకుంటా!"

అవెర్కీ పరుగుతీశాడు. ముల్లు నది వైపే చూపిస్తున్నా, అలవాటుకొద్దీ దారి పొడుగునా ప్రతి ఇంట్లోకీ తొంగిచూశాడు. ఊరి చివరి ఇంటి తలుపుకి కర్ర ఆనించి ఉంది. ఆ ప్రాంతంలో తాళాలుండవు. కర్ర ఉంటే ఇంట్లో ఎవరూ లేరని అర్థం, పరాయివాడు గుమ్మం తొక్కడు. అవెర్కీ ఆ నది ఒడ్డునే పుట్టినవాడు. అటు రెండోసారి చూడకుండా దాటిపోయాడు.

రేవులో ఉల్యానా అనే డెబ్భై ఏళ్ళ అవ్వ తన పడవలోంచి చేపలు దింపుతోంది. "అవ్వా, దిగువకి పోనీ! తొందరగా!"

"ఏం, కొంప మునిగిందా?" అంటూనే తెడ్డు వేసింది. మగాడు కూడా అంత జోరుగా వేయలేడు.

పావుగంటకి ముల్లు తిన్నగా నిలిచింది. ఎదురుగా నీళ్ళలో ఒక దుంగ తేలుతోంది. దానికి దారంతో కట్టిన కోటు గుండీ!

అవెర్కీ ఆ గుండీ పట్టి లాగాడు. "మోసపోయాను అవ్వా! ఊళ్ళో అన్ని ఇళ్ళూ చూశాను. కర్ర ఆనించిన ఆ చివరి ఇల్లొక్కటే..."

"ఏ చివరి ఇల్లు? తెఖూసా ఇల్లా?" అవ్వ తెడ్డు ఆపింది. "తెఖూసా పోయి మూడేళ్ళయింది కదరా! కర్ర పెట్టేది సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్ళు. చచ్చినోళ్ళు కర్ర పెట్టి పోతారట్రా, వెర్రి నాగన్నా?"

అప్పుడు అర్థమైంది అవెర్కీకి. హోల్గర్ అయితే తాళం వేసేవాడు. ఆ కర్ర పెట్టింది ఈ ఉత్తరాదిలో పుట్టిన మనిషి, కానీ ఈ ఊరు తెలియని మనిషి. పినేగా ఒడ్డున పుట్టిన సెరఫీమా. గుండీలో ఏముందో తెలిసిందీ ఆమెకే. ఎంత మోసం! ఆ నవ్వు నమ్మి ముసలాయన్ని చేతులారా అప్పగించాడు.

"వెనక్కి, అవ్వా! నీ కాళ్ళు పట్టుకుంటా!"

ఎదురీత. ఎంత తెడ్డు వేసినా ఒడ్డు దగ్గరికి రావడం లేదు. దూరంగా మోటారు బోటు చప్పుడు మొదలైంది. అది ఒడ్డు చేరితే ఎలిజార్ ఇక లేనట్టే. పడవ ఇసుక తాకకముందే అవెర్కీ దూకాడు. గట్టెక్కి, కర్రని ఒక్క తన్ను తన్ని తలుపు తోశాడు.

కుర్చీకి కట్టిన ఎలిజార్. ఆయన మెడ దగ్గర మత్తు సిరంజీతో హోల్గర్. కిటికీ పక్కన పిస్టల్‌తో సెరఫీమా.

"ఇంకా ఆలస్యంగా వస్తావనుకున్నా," అంది. "తాళం వేద్దామన్నాడు హోల్గర్. తాళం చూస్తే నువ్వు బద్దలు కొడతావు, కర్ర చూస్తే దండం పెట్టి పోతావు అన్నాను."

"ఎందుకు చేశావు, సెరఫీమా?"

"పన్నెండేళ్ళు మీకూ ఎరగానే బతికాను. చాలదా?"

అవెర్కీ చెయ్యి మెల్లగా కెమెరా మీదికి జారింది. బోటు చప్పుడు గట్టు కిందికి వచ్చేసింది. సెరఫీమా తల ఊపింది. సూది చర్మాన్ని తాకింది.

అవెర్కీ ఫ్లాష్ నొక్కాడు.

గది తెల్లగా పేలింది. పిస్టల్ గుండు దూలంలో దిగింది. కళ్ళు బైర్లు కమ్మిన హోల్గర్ సిరంజీ పొడిచాడు, కానీ ఎలిజార్ కుర్చీతో సహా పక్కకి పడ్డాడు. సూది చెక్కలో విరిగింది. అవెర్కీ పిడికిలికి హోల్గర్ పొయ్యి పక్కన కూలాడు. గుడ్డిగా తలుపు వైపు తడుముకుంటూ వెళ్ళిన సెరఫీమా గుమ్మంలో ఉల్యానా తెడ్డుకి ఎదురుపడింది. పిస్టల్ కింద పడింది. బోటు వాడు తుపాకీ మోత విని వెనక్కి తిరిగాడు. నది మొగ దగ్గర కోస్ట్‌గార్డ్ వాణ్ణి పట్టుకుందని తర్వాత రేడియో కబురొచ్చింది.

కట్లు విప్పుతుంటే ఎలిజార్ నెమ్మదిగా అడిగాడు. "నేను ఎరనా, బాబూ?"

అబద్ధం నాలుక చివరే ఉంది. "అవునండీ," అన్నాడు అవెర్కీ. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. "నన్ను క్షమించండి."

ముసలాయన కింద పడ్డ నోటుబుక్కు తీసి దుమ్ము దులిపాడు. "మా కపితోలీనా ఉంటే నీ చెవి మెలిపెట్టేది," అన్నాడు చివరికి. "పద. చర్చి సగమే చూశాను. మిగతా సగం నువ్వే చూపించాలి."

ఇద్దరు నేరస్తులనీ స్టీమర్ గదిలో పెట్టి తాళం వేశారు. టూరిస్టులకి గైడ్‌కి జ్వరమని చెప్పారు. ఫొటోగ్రాఫర్ కొవ్వొత్తి పట్టుకుని ముందు నడిచాడు.

"ఇది ఎప్పుడు కట్టారు?" అడిగాడు ఎలిజార్, నోటుబుక్కు తెరిచి.

"తెలియదండీ."

"ఎవరు కట్టారు?"

"అదీ తెలియదు."

ద్వారం దగ్గర తెడ్డుకి ఆనుకుని నిలబడ్డ ఉల్యానా అవ్వ గట్టిగా నిట్టూర్చింది. "దొంగముండే గానీ, పాఠం చదువుకుని వచ్చింది!"