పిప్పిలో పసుపు

ఎనిమిదో గొట్టం కింద నాగరత్నం దోసిలి పట్టి నిలబడింది. పైనుంచి చీమలు పారేసిన పిప్పి రాలుతోంది. రోజూ అయితే కాఫీపొడిలా పొడిపొడిగా పడుతుంది. ఇవాళ తడిగా, ముద్దలు ముద్దలుగా పడింది. చిటికెడు తీసి నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఒక్కసారిగా మొహం చిట్లించింది.

"పిచ్చయ్య బావా! ఇట్రా. చీమలు పిప్పి కాదు, తోటనే పీకి పారేస్తున్నాయి."

చిలమవీడు ఊరికి అన్నం పెట్టేది చీమలే. వెలిగొండల మీద వానలు మొహం చాటేసి, వరి అన్న మాటే పాతకథ అయిపోయాక, సముద్రాల అవతలి అడవుల నుంచి ఆకుకోత చీమలను తెప్పించి, కొండవాలులో అంతెత్తు గాజుమేడ కట్టి అందులో కాపురం పెట్టించారు. దాని పేరు చీమగాదె. చీమ ఆకు కోస్తుంది గానీ తినదు. నమిలి ముద్ద చేసి, ఆ ముద్దమీద తెల్లబూజును పెంచుతుంది. ఎరువు వేస్తుంది, కలుపు తీస్తుంది, మన రైతుకున్నంత ఓపికా దానికుంది. ఆ బూజు కొసలు ఉబ్బి ముత్యాల్లా కాస్తాయి. చీమలు తినగా మిగిలినవి మనుషులు కోసుకుని ముత్యాలబువ్వ వండుకుంటారు. నీళ్లులేని నేలలో మునగ, బాదం, సుబాబుల్ నాలుగాకులు వేస్తే చాలు, నలభై వేలమందికి కడుపు నిండుతోంది.

గాదెకు రెండు వాకిళ్లు. ఆకు లోపలికి పోయేది ఆకువాకిలి, పిప్పి బయటికొచ్చేది కుప్పవాకిలి. చీమల్లోనూ ఇదే ఏర్పాటు. కుప్ప మోసే చీమ తోటలోకి అడుగు పెడితే తక్కినవి కరిచి తరుముతాయి. ఎందుకంటే కుప్పలో నల్లబూజు ఉంటుంది, అది ఎక్కిందా, తోట మొత్తం మసి. ఇది చూసి మనుషులు జాగ్రత్త నేర్చుకున్నారు, మంచిదే. కానీ మనవాళ్లకి జాగ్రత్త చెబితే ఆచారం చేసి కూర్చుంటారు కదా! కుప్పలో పనిచేసినవాళ్లు పనిబట్టలతో ఆకువైపు రాకూడదన్నారు మొదట. తర్వాత అసలు రాకూడదన్నారు. ఆ తర్వాత వాళ్ల పిల్లలూ రాకూడదన్నారు. పిల్లనిచ్చుకోవడం, పుచ్చుకోవడం ఆగిపోయింది. పాత కులాలు పోయాయని ఊరంతా మిఠాయిలు పంచుకుని పాతికేళ్లయింది. కొత్తది ఏ సందులోంచి దూరిందో ఒక్కడికీ కనపడలేదు.

రెండు వైపుల మధ్యా వాసనద్వారం ఉంది. మనిషి ఒంటిని వాసన చూసి నల్లబూజును పట్టేసే యంత్రం. కుప్పవైపు మనిషి దానికింద నిలబడితే ఎర్రదీపం వెలిగి, ఊరంతా వినిపించేలా కూత పెడుతుందని ఉగ్గుపాలతోనే నేర్పేవాళ్లు. అందుకే నాగరత్నం తన అక్క రంగనాయకిని ఇరవై రెండేళ్లుగా ముట్టుకోలేదు. పిల్లనిచ్చుకోవడాలు ఆగకముందే పెళ్లయి ఆకువైపు వెళ్లిన అక్కతో ఏ మాటయినా అద్దంగదిలోనే, గాజుకి అటూ ఇటూ కూర్చుని.

పిచ్చయ్య వచ్చి పిప్పిలోకి తొంగిచూశాడు. "నల్లబూజేనా?"

"నల్లబూజయితే కుళ్లు వాసన కొట్టదూ? ఇది చూడు." నమలకుండా వదిలేసిన ఆకుముక్కను గోటితో విప్పింది. ఈనెల పొడుగునా పచ్చటి మరక. "పసుపు బావా! మన వంటింట్లో పసుపు!"

"పసుపు మంచిదే కదా? ఎవర్నేం చేస్తుంది?"

"దెబ్బ తగిలితే పసుపెందుకు అద్దుతాం? పుండు కుళ్లకుండా. పుండులో పెరిగేదాన్ని చంపేది, తోటలో పెరిగేదాన్ని ముద్దుపెట్టుకుంటుందా?"

 ఇద్దరికీ ఒకటే గుర్తొచ్చింది. పదిరోజుల కిందట సరిహద్దు రోడ్డులో ఆకుబండి బోల్తాపడింది. తోలేవాడు వల్లభరావు దానికింద నలుగుతుంటే వీళ్లిద్దరే పరిగెత్తి బండెత్తారు, చెల్లాచెదురైన ఆకు కూడా ఎత్తిపోశారు. సరిగ్గా ఆ మర్నాటినుంచే ముత్యాలు తగ్గాయి. కుప్పచేతులు తగిలి నల్లబూజు ఎక్కిందని ఆకువైపు సభ తేల్చేసింది. రేపు పొద్దున్నే కుప్పవైపు అరవై కుటుంబాలూ ఊరు ఖాళీ చేసి కొండదిగాలి. లారీలు కూడా మాట్లాడేశారు.

నాగరత్నం ఉన్నపళంగా అద్దంగదికి వెళ్లి అక్కకు కబురు పెట్టింది.

"అక్కా, అడిగినదానికి సూటిగా చెప్పు. ఆకుమీద పసుపునీళ్లు చల్లుతున్నారా?"

రంగనాయకి తలదించుకుంది. "మీ చేతులు తగిలాయని... శుద్ధికని... ప్రతి బండిమీదా చల్లిస్తున్నారే. ఆ వల్లభరావు చేతే."

"ఆకును పరీక్షించే యంత్రాలు పట్టుకోలేదా?"

"వాటికి పురుగుమందులూ, నల్లబూజూ తెలుసు గానీ పసుపునీళ్లేం తెలుసు? చేసినవాళ్ల దేశంలో ఇలాంటివి చల్లుతారా ఏమన్నా?"

"తోట చచ్చేది దానివల్లే. ఇప్పుడే వెళ్లి సభలో చెప్పు."

"నేనా?" రంగనాయకి వెనక్కి తిరిగి చూసుకుంది. "కుప్పవైపు పుట్టిందని ఇప్పటికే దెప్పుతున్నారు. నా మాట ఎవరింటారే? నీ వాళ్లను వెనకేసుకొస్తున్నావంటారు."

"సరే, నువ్వు చెప్పకు. నేనే చెప్తా."

"కూత పెడుతుందే! కొడతారు!"

"కొడితే దెబ్బలు పడదాం. కొండదిగి ఎండలో మాడి చావడం కంటే తక్కువేలే."

అలాగని ఆవేశంగా పరిగెత్తే రకం కాదు నాగరత్నం. నాలుగు బిందెల నీళ్లు గుమ్మరించుకుంది. తలంటుకుంది. పెట్టె అడుగునున్న ఉతికిన చీర కట్టుకుంది. పిప్పిని గాజుసీసాలో వేసి మూత బిగించి, సీసాను కూడా సబ్బుతో కడిగింది. తోటకు తనవల్ల చీమ తలంత చేటు జరిగినా ఆమె ఓర్చుకోలేదు. ముప్ఫయ్యేళ్లు ఆ తోట నాడి పిప్పిలో చూసిన మనిషి.

వాసనద్వారం కిందకు వచ్చి కళ్లు గట్టిగా మూసుకుంది. గాలి ఒకటి రివ్వున ఒళ్లంతా తడిమింది. కూత లేదు. కళ్లు తెరిస్తే పచ్చదీపం. పాడైపోయిందేమో, మన అదృష్టం అనుకుని గబగబా నడిచింది.

సభలో ఆమెను చూడగానే ముందు వరసలవాళ్లు కుర్చీలు తోసుకుని గోడలకు అంటుకుపోయారు. అధ్యక్షుడు మధుసూదనం వేలు చూపిస్తూ లేచాడు. "ఎవరొదిలారు నిన్ను? తోట మిగలనివ్వవా?"

"తోట మిగలాలనే వచ్చానండీ. అరవకుండా ఇది చూడండి." సీసా బల్లమీద పెట్టింది. "మూత తీయక్కర్లేదు, బయటికే కనపడుతుంది. నల్లగా ఉందా, పచ్చగా ఉందా? చెప్పండి."

 అందరూ మెడలు చాచి సీసావైపు చూశారు.

"మీరు చల్లిన పసుపునీళ్లండీ. బూజును చంపేస్తున్నాయి. చచ్చిన ముక్కల్ని చీమలు మాకు పారేస్తున్నాయి. నామాట నమ్మొద్దు, చీమనడగండి. బాదమాకులు రెండు కట్టలు పెట్టండి. ఒకటి పసుపునీళ్లు చల్లింది, ఒకటి చల్లనిది. తోటకు చేటుచేసిన రుచిని చీమ నెలల తరబడి మర్చిపోదు."

యంత్రాలు చూసే ఇంజనీరు మేధ అనే అమ్మాయి మారుమాట లేకుండా వెళ్లి పెట్టించింది. అరగంటలో పసుపునీళ్లు చల్లని కట్టలో ఈనెలే మిగిలాయి. చల్లినదాని దగ్గరకు చీమలు వచ్చి, మీసాలతో తాకి, పక్కకు తప్పుకుని పోయాయి. ఒక్క ఆకుకీ చిల్లు పడలేదు.

వెనకనుంచి కర్ర ఊతంగా వల్లభరావు లేచాడు. "ఆ రోజు బండి నా నడుంమీద ఉంటే లేపింది ఈవిడేనండీ. ఇంటికి పోతే మావాళ్లు నామీదే పసుపునీళ్లు చల్లారు. తర్వాత ఆకుమీద చల్లమంటే, పదిరోజులుగా ఈ చేత్తోనే చల్లాను. ప్రాణం పోసిన చేతులు మైలేమిటని అడగడానికి నాకు నోరు రాలేదు." అతను అందరిముందూ ఏడ్చేశాడు.

ఇంకేం మిగిలింది? చల్లడం ఆపించారు. లారీలు వద్దన్నారు. నెలతిరక్కుండా తోట కోలుకుంటుందని మేధ చెబితే ఊపిరి పీల్చుకున్నారు. అప్పుడు గుర్తొచ్చింది మధుసూదనానికి.

"అది సరేగానీ, ఈవిడ లోపలికెలా వచ్చింది? ద్వారం పాడైందా?"

మేధ ద్వారం లెక్కలు కనపడే చేతిపలక తీసి చూసింది. "బాగానే ఉందండీ. దానికి నల్లబూజొక్కటే తెలుసు. స్నానం చేసి బట్టలు మార్చుకుంటే ఒంటిమీద అది ఉండదు. కట్టిన రోజునుంచీ అంతే. మీది ఏ వైపని అది ఎవర్నీ ఎప్పుడూ అడగలేదు. అటునుంచి ఇటు ఎవరూ దాటి చూడలేదంతే."

నాగరత్నానికి ఆ ఇరవై రెండేళ్లూ లెక్కకొచ్చాయి.  అమ్మ పోయినప్పుడు అక్క గాజుకి అటుపక్క ఏడిస్తే, తను ఇటుపక్క ఏడ్చింది. అక్క పిల్లల్ని ఒక్కసారయినా ఎత్తుకోలేదు. నాలుగు బిందెల నీళ్లు పోసుకుని వచ్చేస్తే సరిపోయేదా? ఎంత మోసపోయాం, ఎవరు మోసం చేశారని తిట్టుకోవాలి?

"పోనీలే," అన్నాడు మధుసూదనం నెమ్మదిగా, "రేపటినుంచి ద్వారానికి నేర్పిద్దాం."

"ఏమని నేర్పమంటారు సార్?" అంది మేధ. "బూజుకు వాసనుంది. కుప్పవైపు పుట్టినవాళ్లకి ఏ వాసనుందని చెప్పను?"

 నాగరత్నం ఆయన జవాబుకోసం ఆగలేదు. దారిపొడవునా అడుగుతూ అక్క ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. తలుపు తట్టింది.

రంగనాయకి తలుపు తీసింది. చెల్లెల్ని చూసింది. మొహం వెలిగింది. మరుక్షణం, తనకే తెలియకుండా, నాలుగడుగులు వెనక్కి వేసింది. వేశాక తెలిసింది తను ఏం చేసిందో. చేత్తో నోరు మూసుకుని అక్కడే నిలబడిపోయింది.

మధ్యలో గాజు లేదు, గోడ లేదు, దీపం లేదు. నాగరత్నం గుమ్మం దాటలేదు. చీర కుచ్చెళ్లు సర్దుకుని గడపమీద కూర్చుంది.

"నడవాల్సినంత నేను నడిచానక్కా," అంది. "ఈ నాలుగడుగులూ నువ్వే రావాలి. నాకేం తొందర లేదు, కూర్చుంటా."