ఎర్ర వలయం

రైలు మూడో స్టేషన్ దాటగానే పైకప్పులోంచి ఎర్రటి వెలుగు జారి, కిటికీ పక్కన కూర్చున్న ఒకామె కాళ్ల చుట్టూ గుండ్రంగా పరుచుకుంది. ఆ వెలుగును డాక్టర్ భ్రమరాంబ లాబొరేటరీలో వేలసార్లు చూసింది. ఊళ్లో, మామూలు మనిషి మీద పడగా చూడటం అదే మొదలు.

ఆ యంత్రం పేరు అభయ. తయారుచేసింది భ్రమరాంబే. రైల్లో ఒక ఉన్మాది ముగ్గురిని పొడిచి చంపాక, పధ్నాలుగు నెలల కిందట వేణీపట్నం తీర రైళ్లన్నింటిలోనూ దాన్ని అమర్చారు. పనిచేసే తీరు తేలికే. మనిషికి భయం వేస్తే గుండె వేగం పెరుగుతుంది, కంటిపాప పెద్దదవుతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది. కప్పులోని సెన్సర్లు ఒంటిని తాకకుండానే వీటిని కొలుస్తాయి. పెట్టెలో నలుగురైదుగురికి ఒకేసారి భయం పుట్టి, వాళ్ల చూపులన్నీ ఒకే మనిషి వైపు తిరిగితే, ఆ మనిషి చుట్టూ వలయం వెలుగుతుంది. వలయం పడ్డవాళ్లు తర్వాతి స్టేషన్లో దిగి తనిఖీ చేయించుకోవాలి. వాళ్లు దిగేదాకా రైలు కదలదు.

కత్తి బయటికి రాకముందే పక్కనున్నవాళ్లకు ప్రమాదం తెలిసిపోతుందన్నది భ్రమరాంబ సిద్ధాంతం. ప్రయోగాల్లో అది నిజమని తేలింది కూడా.

వలయంలో ఉన్నామెకు నలభై ఆరేళ్లుంటాయి. నల్లటి మనిషి, ఉంగరాల జుట్టు. మూడు వందల ఏళ్ల కిందట ఆఫ్రికా నుంచి ఓడల్లో ఈ రేవుకు వచ్చిన సైనికుల సంతతి. మెడలో ఆసుపత్రి కార్డు మీద నసీబా అన్న పేరు, కింద డయాలసిస్ టెక్నీషియన్ అన్న మాట. రైలు ఆగకముందే ఆమె లేచి, సంచీ జిప్పు తీసి పట్టుకుంది.

గార్డు ఏడుకొండలు సంచీలోకి తొంగి చూడనైనా లేదు. "రోజూ ఉండేదే కదమ్మా, అలా పక్కన నిలబడండి" అన్నాడు, వాచీ చూసుకుంటూ.

రోజూ అన్న మాట భ్రమరాంబ చెవిలో పడింది. ఆమె కూడా అక్కడే దిగిపోయింది.

ఆ మధ్యాహ్నమే ఆఫీసులో పధ్నాలుగు నెలల రికార్డు తెరిచింది. ఇప్పటిదాకా ఆమెకు అందినవి అంకెలే. వీడియోలు చూడాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు. పన్నెండు వేల వలయాలు. నెలకు కొన్ని చొప్పున తెరిచి చూస్తూ పోయింది. నసీబా వాళ్ల పేటవాళ్లు, ఈశాన్యం నుంచి వచ్చి చదువుకుంటున్న పిల్లలు, కొండ మీంచి సంతకు దిగే సవరలు, మళ్లీ నసీబా, మళ్లీ నసీబా. మొత్తం తనిఖీల్లో దొరికిన ఆయుధాలు రెండు. ఆ రెండూ దొరికింది వీళ్లెవరి దగ్గరా కాదు. భ్రమరాంబ ఆ రికార్డు పట్టుకుని డైరెక్టర్ గదికి వెళ్లింది.

డైరెక్టర్ పరంధామయ్య అంతా ఓపిగ్గానే విన్నాడు.

"యంత్రం అబద్ధమేం చెప్పలేదు కదమ్మా. జనం భయపడ్డారు, అది చూపించింది."

"వాళ్లు ఏమీ చెయ్యలేదు సార్. ఊరికే కూర్చున్నారు."

"తప్పు చెయ్యనివాళ్లకు ఒక నిమిషం సంచీ చూపించడానికి ఏం కష్టం? అందరూ ఇదే అంటున్నారు. పేపర్లు చూడండి."

మర్నాడు ఆమె ఆసుపత్రికి వెళ్లి నసీబాను కలిసింది. నసీబా ఒక ముసలాయన చేతికి సూది గుచ్చి, రక్తం గొట్టంలోకి ఎక్కేదాకా చూసి, అప్పుడు తలెత్తింది.

"ఆ యంత్రం చేసింది నేనేనండీ" అంది భ్రమరాంబ.

నసీబా ఆమెను పైనించి కిందిదాకా చూసింది. "నేను అరగంట ఆలస్యమైతే ఈయన రక్తం శుద్ధయ్యే టైములో అరగంట తగ్గుతుంది. మా పేటవాళ్లు మీ ఆఫీసుకు పద్దెనిమిది ఉత్తరాలు రాశారు. ఒక్కదానికీ జవాబు లేదు. సోమవారం నుంచి మేం దిగం. ఆ రోజులకు నా షిఫ్టు వేరేవాళ్లకు అప్పజెప్పాను."

"ఈడ్చి పడేస్తారేమో."

"పడెయ్యనివ్వండి. ఎవరం చెయ్యెత్తం, నోరు జారం. దిగమంటే దిగమని మర్యాదగా చెప్తాం. అంతే."

సోమవారం పొద్దున భ్రమరాంబ అదే పెట్టె ఎక్కింది. వలయం పడింది. రైలు ఆగింది. నసీబా లేవలేదు.

"దిగండమ్మా" అన్నాడు ఏడుకొండలు.

"దిగనండీ. నేను చేసిన తప్పేంటో చెప్పండి, దిగుతాను."

అతను వాకీటాకీ తీశాడు. పది నిమిషాలు గడిచాయి. వెనక నాలుగు రైళ్లు నిలిచిపోయాయి. ఆ నాలుగింటిలోనూ ఇలాగే ఎవరో ఒకరు కూర్చుండిపోయారని వాకీటాకీలో వినపడింది. పెట్టెలో గొణుగుడు అరుపులైంది. కళ్లద్దాల పెద్దమనిషి ఒకాయన లేచి, చేతిలో ఉన్న వేడి టీ నసీబా మొహం మీద కుమ్మరించాడు.

తర్వాత ఆయన తన చేతిలోని ఖాళీ కప్పు వైపు ఎవరిదో అన్నట్టు చూశాడు. నసీబా చున్నీతో కళ్లు తుడుచుకుంది. చెంప ఎర్రగా కందిపోయింది. చేతులు మళ్లీ ఒళ్లో పెట్టుకుని, "దిగనండీ" అంది, ఇందాకటి గొంతుతోనే.

భ్రమరాంబ లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. చేతిలో టాబ్లెట్ ఉంది. పెట్టెలో ఎవరు ఎంత భయపడుతున్నారో సీటు వారీగా అందులో కనిపిస్తుంది. అన్నిటికంటే పెద్ద అంకె తన సీటుదే. ఇరవై ఏళ్లు భయం మీదే పరిశోధన చేసిన మనిషి ఆ అంకెను నమ్మలేక మళ్లీ మళ్లీ చూసింది. ఎదురుగా అరుస్తున్నవాళ్లను చూసి పుట్టిన భయం అనుకుందామంటే, చూపు ఎటు ఉందో కూడా పక్కనే రాసి ఉంది.

"ఏం చూపిస్తోంది?" అని అడిగింది నసీబా.

అబద్ధం చెబుదామని నోటిదాకా వచ్చింది. "నేను మిమ్మల్ని చూసి భయపడుతున్నానని" అంది చివరికి.

"కూర్చునేటప్పుడే తెలిసింది. కొంగు అటువైపుకు లాక్కున్నారు."

అలా లాక్కున్నట్టు భ్రమరాంబకు గుర్తే లేదు.

పోలీసులు వచ్చి నసీబాను సీటులోంచి ఎత్తి మోసుకుపోయారు, కేసు రాసుకుని సాయంత్రానికి వదిలేశారు. మంగళవారం ఆమె మళ్లీ వచ్చి కూర్చుంది. తొమ్మిది రోజులు అలాగే సాగింది. మూడు వందల మంది మీద కేసులు పెట్టారు. దెబ్బలు తిన్నవాళ్లున్నారు గానీ కొట్టినవాళ్లు ఒక్కరూ లేరు. పదో రోజున ప్రభుత్వం విచారణ సంఘం వేసింది.

విచారణలో పరంధామయ్య పక్కన కూర్చోవాల్సిన భ్రమరాంబ నేరుగా సాక్షి స్థానంలోకి వెళ్లి నిలబడింది. పన్నెండు వేల వలయాల సంగతి చెప్పింది. తన సీటు అంకె కూడా దాచకుండా చెప్పింది.

"ఇది కొలుస్తున్నది ప్రమాదాన్ని కాదండీ, చూసేవాళ్ల భయాన్ని. దాన్ని తీసుకెళ్లి ఎదుటివాళ్ల కాళ్ల చుట్టూ వేస్తున్నాం. ప్రోగ్రాంలో ఒక్క వరస మారిస్తే చాలు. ఎవరికి భయం వేస్తే వాళ్ల చుట్టూనే వెలుగు పడుతుంది. తనిఖీలు వద్దు, రైలు ఆపొద్దు. ఒక్క వారం అలా నడిపి చూడండి."

సంఘం అధ్యక్షుడు రిటైర్డ్ జడ్జి. వారం రోజులకు సరేనన్నాడు. పరంధామయ్య ఆ సాయంత్రమే ఆమెను ఉద్యోగంలోంచి తీసేశాడు.

కొత్త పద్ధతి మొదలైన పొద్దున నసీబా ఎక్కగానే పెట్టె నిండా వలయాలు విచ్చుకున్నాయి. బ్యాంకు ఆఫీసరు చుట్టూ, స్కూలు టీచరు చుట్టూ, జపమాల తిప్పుకుంటున్న పెద్దావిడ చుట్టూ. నసీబా కాళ్ల దగ్గర మాత్రం వట్టి నేలే ఉంది. ఎవరి సంచీ ఎవరూ చూడలేదు, ఎవర్నీ దిగమనలేదు. అయినా జనం తమ కాళ్లవైపు చూసుకుని, పక్కవాళ్ల కాళ్లవైపు చూసి బిగుసుకుపోయారు. టీచరు రెండు స్టేషన్ల ముందే దిగిపోయింది.

మూడో రోజుకల్లా ఆఫీసుకు నలభై వేల ఫిర్యాదులు వచ్చాయి. మనసులో ఉన్నది బయటపెట్టే హక్కు మీకెవరిచ్చారని. నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నామని. నేరం చేయకుండానే నేరస్థుల్లా నిలబెడుతున్నారని. ఐదో రోజున అభయను రైళ్లన్నింటి నుంచీ ఊడదీశారు. సాధారణ పౌరుల ఆత్మగౌరవానికి భంగం కలిగినందువల్ల తొలగిస్తున్నామని ఉత్తర్వులో రాశారు.

వలయం పడి మనసు నొచ్చుకున్నవాళ్లందరికీ రైల్వే పేరుపేరునా క్షమాపణ ఉత్తరాలు పంపింది. ఆ ఐదు రోజుల్లో వలయం పడ్డవాళ్లకు మాత్రమే. నసీబాకు వచ్చింది కోర్టు సమన్లు. యంత్రం పోయినా, రైలు ఆపిన కేసులు అలాగే ఉన్నాయి.

కోర్టులో భ్రమరాంబ ఆమె వెనక బెంచీ మీద కూర్చుంది. మేజిస్ట్రేటు కుర్రవాడు. ఇబ్బందిగా కాగితాలు తిరగేశాడు.

"ఆ యంత్రం ఎలాగూ లేదు కదమ్మా. చేసింది తప్పని ఒక ముక్క రాసివ్వండి, కేసు కొట్టేస్తాను."

"ఏ తప్పు అని రాయమంటారు? మీరు చెప్పండి, అదే రాస్తాను."

ఆయన చట్టం పుస్తకం తెరిచి, చదివి, మూసేశాడు. చివరికి ఆమె మొహం చూడకుండానే మూడు రోజుల జైలు అని చదివాడు.

నసీబా తలూపింది. "ఆదివారం నుంచి వెయ్యండి సార్. శనివారం నాకు నలుగురు పేషెంట్లున్నారు."